కడగకముందు ఫోటో

ఆ కుర్రాణ్ణి గార్డులు రైలు వంతెన కింద పట్టుకున్నప్పుడు మీమూన్ చేతిలో నీళ్ళ పైపు ఉంది. నీళ్ళు చిమ్మే మిషను నడుస్తోంది. గోడలు కడిగే పనివాళ్ళు ముగ్గురూ అక్కడే ఉన్నారు, ముగ్గురూ చూశారు. తర్వాత ఎవరికి ఎలా చెప్పుకున్నా, చూడలేదనడానికి మాత్రం వీల్లేదు.

తెల్లారి ఎంతోసేపు కాలేదు. బ్రస్సెల్స్ కాలువ మీద మంచు విడిపోయి చాలా రోజుల తర్వాత ఎండ పడింది. కుర్రాడి పేరు ఎగ్జోసే. కాంగో వాళ్ళ పిల్లాడు, ఇల్లు మాంసం మార్కెట్టు వెనక వీధిలో. వెండిరంగు డబ్బాతో గోడ మీద తన పేరు సగం రాశాడు. మిగతా సగం రాయనివ్వలేదు. ఇద్దరు గార్డులు వెనకనుంచి వచ్చి మెడ పట్టుకుని గోడకేసి అదిమారు. వాళ్ళలో మెడ మీద ఎర్రమచ్చ ఉన్నవాడు డబ్బా లాక్కున్నాడు.

"రంగంటే అంత ఇష్టమా నీకు? ఇదిగో, తీసుకో."

నుదుటి నుంచి గడ్డం దాకా ఆ రంగే చిమ్మాడు. కళ్ళు మూసుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు. కుర్రాడు మొహం రెండు చేతుల్లో దాచుకుని అక్కడే కూలబడ్డాడు. గార్డులు నవ్వారు.

ముగ్గురిలో పెద్దవాడు గస్ట్, ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగినవాడు, మిషను ఆపేశాడు. ఎందుకు ఆపాడో ఆయనకే తెలీదు. మోత ఆగేసరికి కుర్రాడి ఏడుపు బయటపడింది. మిషను నడుస్తుంటేనే నయం అనిపించింది మీమూన్‌కి. సిగ్గుపడాల్సిన ఆలోచనే. కానీ భయపడ్డవాడికి అలాంటివే వస్తాయి.

"ఏంటి చూస్తున్నారు, సినిమానా? ఫోటో కొట్టి కడగండి," అన్నాడు ఎర్రమచ్చ.

మీమూన్ టోపీ సర్దుకున్నాడు. రంగు కరిగించే మందు తలమీద చిందకుండా ఎప్పుడూ వెడల్పు అంచు టోపీ పెట్టుకుంటాడు. ఎండ వీపున పడేట్టు నిలబడి ఫోన్ ఎత్తాడు. అలా తీస్తేనే అక్షరాలు స్పష్టంగా వస్తాయి. మొదటి ఫోటో చెడింది. రెండోది బాగా వచ్చింది. కుర్రాణ్ణి ఈడ్చుకుపోయారు. వీళ్ళు కడిగారు.

ఆ గోడకు పైభాగంలో మునిసిపాలిటీ వేయించిన బొమ్మ ఉంది. నీలాకాశం కింద ఒక కుటుంబం సైకిళ్ళు తొక్కుతూ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ ఉంటుంది. దానికి గట్టి పూత పూశారు. దానిమీద గీత పడితే ఉన్న పని వదిలేసి పరుగెత్తుకు రావాలని ఆర్డరు. పైనున్నది కళట, కిందున్నది నేరమట. గోడ ఒకటే, డబ్బాలు అమ్మే కొట్టు ఒకటే. తేడా ఎక్కడుందో తెలిసింది ఆర్డరు మీద సంతకం పెట్టినవాడికి ఒక్కడికే. ఇంకో సంగతి, ఆ గోడలు కడిగే కాంట్రాక్టూ, ఆ గోడలకు కాపలా కాసే కాంట్రాక్టూ ఒకే కంపెనీవి. గార్డుల జీతమూ మీమూన్ జీతమూ ఒకే జేబులోంచి వస్తాయి. ఈ సంగతి అందరికీ తెలుసు గానీ, ఆ పొద్దుటి దాకా ఎవరూ దాని గురించి కూచుని ఆలోచించలేదు.

పని పద్ధతి ఒకటుంది. కడగకముందు ఒక ఫోటో, కడిగాక ఒక ఫోటో. రెండూ ఫోన్లోంచి కంపెనీకి వెళ్తాయి. బిల్లు పెట్టుకోడానికిలే అనుకునేవాళ్ళు పనివాళ్ళు. ఏళ్ళ తరబడి అలాగే అనుకున్నారు.

*

కొన్నాళ్ళకి, మధ్యాహ్నం వాళ్ళు కంపెనీ షెడ్డు గేటు పక్కన బెంచీ మీద కూచుని రొట్టె తింటుంటే ఎగ్జోసే వాళ్ళమ్మ వచ్చింది. పేరు కపింగా. ఆస్పత్రి దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తుంది. ఆ వీధుల్లో ఆమెను చిన్నా పెద్దా అందరూ మామా అనే పిలుస్తారు, అమ్మ అన్నట్టు.

"మీలో ఫోటోలు తీసేదెవరు?" అంది.

"ఏ ఫోటోలు మామా?" అన్నాడు గస్ట్.

"మా వాడి మీద పెట్టినవి. వాడు రాసింది సగం పేరు నాయనా. కోర్టులో కంపెనీ లాయరు తెరమీద ఫోటోలు వేశాడు. కాలువ గోడ, స్కూలు గోడ, ట్రాములు ఆగే చోట గోడ. వెండిరంగుంటే చాలు, ఇదీ వాడిదే, అదీ వాడిదే అన్నాడు. ఆగకపోతే వాడు పుట్టకముందు రాసినవి కూడా వాడి నెత్తినే పెట్టేట్టున్నాడు. ఇప్పుడు లోపల ఉన్నాడు. ఒక కన్ను ఇంకా సరిగ్గా కనపడటం లేదంట."

గస్ట్ రొట్టె కింద పెట్టాడు. "నీకు కోపం రాకూడదు గానీ మామా, రాయకుండా ఉంటే సరిపోయేదిగా? నీ కొడుకులాంటి వాళ్ళు రాసినవి గీకీ గీకీ మా నడుములు పోయినయ్."

"నేనూ ఉతుకుతా మరకలు. నెత్తురు ఉతుకుతా, చీము ఉతుకుతా. నా నడుమూ పోయింది. మరక చేసినవాణ్ణి జైల్లో వెయ్యమని నేనెప్పుడూ ఎవర్నీ అడగలా."

ఆమె అతన్ని వదిలేసి మిగతావాళ్ళ వైపు చూసింది.

"ఎండలో తీసిన ప్రతి ఫోటోలో కింద ఒక నీడ ఉంది. వెడల్పు టోపీ పెట్టుకున్న మనిషి నీడ. జడ్జీ చూళ్ళేదు, లాయరూ చూళ్ళేదు. నేను చూశా. కొడుకు మొహం చూడలేక కిందికి చూస్తుంటే అదే కనిపించింది. ఆ మనిషి ఎవరో చూసిపోదామని వచ్చా. కొట్టడానికి కాదులే."

టోపీ మీమూన్ మోకాలి మీద ఉంది. చేత్తో మెల్లగా బెంచీ కిందికి తోశాడు. పక్కన కూచున్న దియోలిందా చూసింది. పోర్చుగీసు పిల్ల, వ్యాను నడుపుతుంది, మూణ్ణెల్ల కాంట్రాక్టు మీద ఉంది. చూసి తన రొట్టె వైపు తల దించుకుంది. నేనే అని ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేకపోయాడు.

"సరే, ఆ నీడ మనిషి కనపడితే చెప్పండి, కపింగా వచ్చి వెళ్ళిందని," అని ఆమె వెళ్ళిపోయింది.

*

మర్నాడు కాలువ గట్టున మిల్లు గోడ దగ్గరకు పంపారు. మీమూన్ మామూలుగా ఫోన్ ఎత్తాడు. అలవాటుగా వెలుతురు చూసుకున్నాడు, మూలలు చూసుకున్నాడు. తర్వాత, కపింగా మాటలు మనసులో ఉండబట్టి కాబోలు, మొదటిసారి గోడమీద ఏముందో చూశాడు.

ఆకుపచ్చ రంగులో ఒక నిలువు గీత. గీతకు రెండు పక్కలా చుక్కలు. అడుగున చిన్న కొమ్మలాగా విచ్చుకున్న మూడు గీతలు.

అది అతని తల్లి గడ్డం మీది పచ్చబొట్టు.

అలాంటిదే అని కాదు, అదే. వాళ్ళు వదిలి వచ్చిన రీఫ్ కొండల్లో ప్రతి ఊరికీ ఒక తీరు, ఊళ్ళో ప్రతి ఆడపిల్లకీ పొడిచేటప్పుడు చేయి తిరిగిన ఒక వంకర. ఎడమవైపు పై చుక్క కొంచెం పక్కకు జారి ఉండేది తల్లికి. గోడమీదా జారే ఉంది. తల్లి హద్దా పోయిన చలికాలం చనిపోయింది. ఆమె గడ్డాన్ని అంత దగ్గరగా చూసి గుర్తుపెట్టుకున్న మనుషులు ఈ లోకంలో ఇద్దరే మిగిలారు. ఒకడు తను. రెండోది రోజూ రాత్రి నానమ్మ పక్కలో పడుకుని పెరిగిన తన కూతురు తిజీరి.

ఫోన్ దించాడు. ఈ గుర్తు అతనికి కొత్త కాదు. ట్రాము స్టాపులో ఉంది, స్కూలు వెనక ఉంది, కాలువ లాకు గేటు మీద ఉంది. ఈ ఎండాకాలమంతా దాన్ని ఫోటో తీసి పంపుతూనే ఉన్నాడు. చూశాడు గానీ చూడలేదు. ఫోటో తీసేవాడికి కావలసింది వెలుతురు, కడిగేవాడికి కావలసింది ఏ రంగుకు ఏ మందు అన్నది. ఏం రాశారన్నది వాళ్ళకి అక్కర్లేదు. అక్కర్లేదనుకుంటూ, కూతురి మెడకు తాడు రోజుకింత చొప్పున తన చేత్తోనే పేనాడు.

"ఏంటన్నా, పాము కనపడిందా?" అంది దియోలిందా.

"ఏం లేదు. నీళ్ళు పెట్టు."

"ఫోటో?"

"తీశాలే."

తీయలేదు. గోడ తడిసి, ఆకుపచ్చ నీళ్ళు కాలువలోకి దిగిపోయేదాకా అక్కడినుంచి కదల్లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో రొట్టె తుంచి పెడుతూ కూతురితో అన్నాడు.

"నానమ్మ గడ్డం మీదిది గోడలకు ఎక్కిస్తున్నావా?"

తిజీరి పొద్దుటిపూట బేకరీలో పనిచేసి, తర్వాత కాలేజీకి వెళ్తుంది. చేతిలో చెంచా ఆగిపోయింది. కాదనలేదు.

"నీకెట్లా తెలుసు?"

"నీ తండ్రిని గనక. కడిగేది నేను గనక. ఇదిగో చూడు," అని అరచేతులు చాపాడు. మందుకి తోలు ఊడి ఎర్రగా ఉన్నాయి. "నువ్వు గోడమీద రాస్తున్నాననుకుంటున్నావు. నా చేతుల మీద రాస్తున్నావు."

ఆ పిల్లకి కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. "కాలువ వైపు నీది కాదుగా నాన్నా. నువ్వు స్టేషన్ వైపు కదా చేసేది."

"ఎండాకాలం మొదట్లోనే మార్చారు. నీకు చెప్పి మారుస్తారా? ఎందుకమ్మా ఈ పని? నీకేం తక్కువైంది?"

"నాకు కాదు, నానమ్మకి తక్కువైంది. ఈ ఊళ్ళో ఎన్ని ఆఫీసుల మెట్లు కడిగింది ఆమె? ఎక్కడైనా ఆమె పేరుందా? ఇంటి తలుపు మీద కూడా తాతయ్య పేరే. ఆ సైకిళ్ళ బొమ్మ వేసినప్పుడు మన వీధిలో ఎవర్నన్నా అడిగారా? ఆ బొమ్మలో మనలాంటి మొహం ఒక్కటుందా? అది వచ్చిన ఏడాదికి కింద ఇంట్లో వాళ్ళు అద్దె కట్టలేక వెళ్ళిపోయారు. ఆ బొమ్మ మనకి వేసింది కాదు నాన్నా, మన తర్వాత రాబోయేవాళ్ళకి వేసింది."

"నానమ్మకే ఇష్టం లేదే ఆ పచ్చబొట్టు. ముసలితనంలో ఎవరో పాపమన్నారని నిమ్మకాయ పెట్టి రుద్దుకునేది."

"రుద్దుకుంది. పోయిందా మరి?"

మీమూన్ లేచి కిటికీ మూశాడు. పక్కింటివాళ్ళు వింటారని భయం. పొద్దుటినుంచి అతనికి ప్రతిదీ భయంగానే ఉంది. "ఆపెయ్. ఇవాళ్టితో ఆపెయ్," అన్నాడు.

"ఆపితే నువ్వు ఇంతకుముందు పంపిన ఫోటోలు పోతాయా?" అంది తిజీరి. ఎగతాళిగా కాదు. ఆ పిల్లకీ భయం వేసింది, నిజంగానే అడిగింది.

*

వారం తిరక్కముందే సూపర్‌వైజర్ డెల్వీన్ షెడ్డుకి వచ్చాడు. నీళ్ళు నిలిచిన నేలమీద బూట్లు తడవకుండా అడుగులు ఏరుకుంటూ నడిచే మనిషి. జట్లన్నిటినీ పిలిచి, మెత్తగా మాట్లాడాడు.

"మీరంతా మంచి పనివాళ్ళు. ఒక్క చిన్నమాట. ఫోటోల్లో మీ నీడలు పడుతున్నాయి. కోర్టులో అవతలి లాయరు ఇదెవరు, సాక్షిగా పిలవండి అంటున్నాడట. ఇకమీదట మీ నీడ పడకుండా తీయండి. ఆ ఆకుపచ్చ గీతా చుక్కలూ ఎక్కడ కనపడ్డా దగ్గరగా ఇంకో ఫోటో తీయండి. అది ఎవరో తేలేట్టే ఉంది. మూణ్ణెల్ల కాంట్రాక్టు వాళ్ళు మరీ జాగ్రత్తగా ఉంటే మీకే మంచిది."

వెళ్ళిపోయాడు. అందరూ తినే గదిలోకి వచ్చి కాఫీ మిషను చుట్టూ చేరారు. మొదట గస్ట్ నోరు తెరిచాడు.

"నా నీడ కూడా పనికిరాదంట."

"పోనిద్దూ, నీడేగా," అన్నాడు పోలండ్ నుంచి వచ్చిన ఒకాయన.

"పోనివ్వను. నా నడుము కావాలి వాడికి, నా చేతులు కావాలి, నా కన్ను కావాలి. నేను మాత్రం అక్కడ ఉండకూడదు. గోడల మీద గీసే వెధవలంటే నాకు ఒళ్ళు మంట. మా అమ్మ సమాధి రాయి మీద కూడా గీశారు. దొరికితే చెవి మెలేస్తా. కానీ నేను గోడలు కడగడానికి చేరా. పోలీసు పనికి చేరలా. నన్నడక్కుండా నా చేతికి లాఠీ ఇచ్చి, అది బ్రష్షని చెప్పారు ఇన్నేళ్ళూ."

"అయితే ఏం చెయ్యమంటావు? కడగడం మానేద్దామా? పిల్లలకి అన్నం నువ్వు పెడతావా?" అని వెనకనుంచి ఎవరో అరిచారు. ఒకేసారి పదిమంది మాట్లాడారు. స్కూలు గోడమీద బూతులు రాస్తే పసిపిల్లలు చదవాలా అని ఒకామె. రాతగాళ్ళు లేకపోతే మనకి పనే లేదు, వాళ్ళకి దండం పెట్టాలి అని ఒక వేళాకోళం. నవ్వారు గానీ ఎవరి నవ్వూ నిలబడలేదు.

మీమూన్ లేచాడు.

"ఆ గీతా చుక్కలూ మా అమ్మాయివి," అన్నాడు.

గది మొత్తం అతని వైపు తిరిగింది. చెప్పి తప్పు చేశానా అనిపించింది. ఇంతమందిలో ఒక్కడు చాలు, ఒక్క ఫోన్ చాలు.

"అంటే, నీ కూతురి కోసం మేం ఉద్యోగాలు పోగొట్టుకోవాలా?" అన్నాడు పోలండ్ ఆయన. కోపంగా ఏం కాదు, లెక్క తెలుసుకుందామని.

"అక్కర్లేదు. ఎగ్జోసే మొహాన రంగు కొట్టినప్పుడు నేను పైపు పట్టుకుని నిలబడ్డా. వాళ్ళమ్మ వచ్చి అడిగితే టోపీ దాచుకున్నా. నా పిల్లదాకా వచ్చాక మీ ముందు లేచి నిలబడ్డా. నాకు మాట్లాడే హక్కు లేదు. కానీ నా తర్వాత మీ పిల్లలదాకా వస్తుంది. గోడలు అన్నీ మన వీధుల్లోనే ఉన్నాయి, రాసే పిల్లలూ మన వీధుల్లోనే ఉన్నారు. మన పిల్లల్ని పట్టించడానికి మనకే జీతమిస్తున్నారు. నాకు భయంగా ఉంది. అంతకంటే నాకు చెప్పడం రాదు."

కూచున్నాడు. గస్ట్ యూనియన్ ఎర్ర చొక్కా గుండీలు పెట్టుకుని ముందుకొచ్చాడు.

"కడుగుదాం. మన పని మనం చేద్దాం, ఇంకా బాగా చేద్దాం. కడిగాక ఫోటో తీద్దాం, మన పనికి అది రుజువు. కడగకముందు ఫోటో మాత్రం ఎవరూ తీయొద్దు. ఏ ఒక్కడూ. ఒప్పుకునేవాళ్ళు చెయ్యెత్తండి."

చేతులు ఒక్కసారి లేవలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, పక్కవాడు ఎత్తాక సగం ఎత్తుతూ, అలా లేచాయి. దియోలిందా ఎత్తలేదు.

"నేనెత్తను. ఎవరెవరెత్తారని రేపు అడిగితే నాకు అబద్ధం చెప్పడం రాదు," అంది నేలవైపు చూస్తూ. "కానీ ఫోటో తీయను."

*

మర్నాటి నుంచి కంపెనీకి శుభ్రమైన గోడల ఫోటోలే వెళ్ళాయి. ఏ గోడ చూసినా తళతళలాడుతోంది. ఆ ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ ఒక్క గీత కూడా గీయనట్టే ఉంది. కంపెనీ లాయరు చేతికి కొత్తగా ఏమీ రాలేదు.

సరదాగా ఉందనుకోకండి. ఆ రోజుల్లో మీమూన్‌కి అన్నం సహించలేదు. తలుపు చప్పుడైతే ముందు కిటికీలోంచి చూసేవాడు. డెల్వీన్ మొట్టమొదట దియోలిందా కాంట్రాక్టు చింపేశాడు. చెయ్యెత్తినవాళ్ళని వదిలి, ఎత్తని పిల్లని పంపేశాడు. తేలిగ్గా విరిచేయగలిగిన కొమ్మ అదే కనుక. ఆ రోజు చాలామంది గస్ట్‌ని తిట్టారు. ఇక చాలు, మళ్ళీ ఫోటోలు తీద్దాం అన్నవాళ్ళూ ఉన్నారు. "తీస్తే ఆమెని తిరిగి తీసుకుంటాడా?" అని గస్ట్ అడిగితే ఎవరూ అవుననలేకపోయారు.

ఒక ఉదయం మీమూన్‌నీ గస్ట్‌నీ రైలు వంతెన దగ్గరకు రమ్మన్నారు. వెళ్ళేసరికి డెల్వీన్ ముందే ఉన్నాడు. పక్కన ఎర్రమచ్చ గార్డూ, ఇంకొకడూ. గోడమీద, నవ్వే సైకిళ్ళ బొమ్మ కింద, మనిషెత్తు ఆకుపచ్చ గీత. రెండు పక్కలా పళ్ళెమంత చుక్కలు. తిజీరి ఆపలేదు. మీమూన్‌కి ఒక్క క్షణం కూతుర్ని చంపేయాలన్నంత కోపం వచ్చింది. ఆ వెంటనే, ఎడమవైపు జారిన చుక్క చూశాక, తల్లి ఎదురుగా నిలబడి తనవైపే చూస్తున్నట్టు అనిపించింది.

"ఫోటో తియ్యి మీమూన్. నా ముందు తియ్యి. మీవాళ్ళంతా ఫోన్లు పాడైపోయాయంటున్నారు, నీది పనిచేస్తోందో లేదో చూద్దాం," అన్నాడు డెల్వీన్.

ఆయన ఫోన్ జేబులో ఉంది. ఆయనే తీసుకోవచ్చు. కానీ ఆయనకు కావలసింది ఫోటో కాదు, మీమూన్ తీయడం. ఇతను తీస్తే షెడ్డు మొత్తం తీస్తుంది.

మీమూన్ ఫోన్ బయటకు తీశాడు. ఎండ వీపున ఉంది. టోపీ పెట్టుకున్న నీడ గోడదాకా సాగి, గీత మొదట్లో ఆగింది. దాన్నే చూస్తూ నిలబడ్డాడు. కపింగా చూసింది దీన్నే.

ఫోన్ జేబులో పెట్టుకుని పైపు అందుకున్నాడు. "గస్ట్, నీళ్ళు," అన్నాడు. గస్ట్ మిషను తిప్పాడు.

మందు రాసి నానబెట్టే తీరిక లేదు. ఉన్న నీళ్ళ జోరంతా గీతమీద పెట్టాడు. డెల్వీన్ బూట్ల నిండా ఆకుపచ్చ నీళ్ళు. మిషను మోతకంటే ఆయన కేకలే ఎక్కువ దూరం వినిపించాయి. గార్డులు మీమూన్‌ని నేలమీద పడేసి వీపున మోకాలు పెట్టారు. ఎర్రమచ్చ టోపీ లాగి కాలువలో విసిరాడు. గస్ట్ అడ్డం వెళ్తే రొమ్ముమీద గుద్దారు. సాక్ష్యం నాశనం చేశాడని మీమూన్ మీద కేసు పెట్టి పోలీసు వ్యాను ఎక్కించారు.

స్టేషన్లో అడిగారు, ఆ గుర్తు ఎవరిదో నీకు తెలుసు కదా అని.

"తెలుసు. మా అమ్మది."

"ఎక్కడుంటుంది?"

"చచ్చిపోయింది."

మళ్ళీ మళ్ళీ అడిగారు. అదే చెప్పాడు. వాళ్ళు కొట్టలేదు. కొడతారేమోనని ఎదురుచూస్తూ గడపడం కొట్టించుకోవడం కంటే తక్కువేం కాదు. కూతురి పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగుతుంటే పళ్ళు బిగించి కూచున్నాడు.

*

తెల్లవారాక, పిలిస్తే రావాలని చెప్పి బయటికి పంపారు. టోపీ లేని తలకు చలి తగిలింది. కాలువ గట్టు వెంబడి ఇంటికి నడిచాడు. మిల్లు మలుపు తిరగ్గానే ఆగిపోయాడు.

గోడమీద ఒక మనిషి నీడ ఉంది. ముందు నిజం నీడే అనుకున్నాడు. నల్లరంగుతో వేసింది. వెడల్పు అంచు టోపీ, కొంచెం వంగిన భుజాలు, ఫోన్ లేని ఖాళీ చేతులు. పది అడుగులు పోతే ఇంకొకటి. లాకు గేటు మీద ఒకటి. ట్రాము స్టాపు వెనక రెండు. ఒకే చేయి వేసినవి కావు. కొన్ని చక్కగా ఉన్నాయి, కొన్ని చిన్నపిల్లలు వేసినట్టు వంకరగా ఉన్నాయి. వాటి వెంట నడుస్తుంటే మీమూన్ గుండె దడదడలాడింది. సంతోషం కాదది. ఇన్ని గోడలకు ఇంకెంతమంది పిల్లలు లోపలికి పోతారోనని.

వంతెన కింద జనం ఉన్నారు. సైకిళ్ళ బొమ్మ కింద గోడ పొడవునా టోపీ నీడలు వరసగా నిలబడి ఉన్నాయి. షెడ్డులోని వ్యాన్లన్నీ అక్కడికే వచ్చాయి. మిషన్లు దించారు, ఒక్కటీ నడవడం లేదు. పోలండ్ ఆయన తిరగేసిన బకెట్టు మీద కూచుని కాఫీ తాగుతున్నాడు. ఉద్యోగం పోయిన దియోలిందా కూడా వచ్చింది, పని బట్టల్లోనే. మాంసం మార్కెట్టు వాళ్ళు, దుప్పట్లు ఉతికేవాళ్ళు, కాలేజీ పిల్లలు. ఆ పిల్లల మధ్యన తిజీరి, గోళ్ళ కింద నలుపు. తండ్రిని చూడగానే రాబోయి, ఎవరైనా చూస్తారని ఆగింది.

డెల్వీన్ కొత్త బూట్లతో వచ్చాడు. వెనక గార్డులు ఈసారి ఇద్దరు కాదు, వ్యాను నిండా ఉన్నారు.

"ఫోటో తీసి కడగండి. ఇది ఆఖరిసారి చెప్పడం."

"ఫోటో మా పని కాదని చెప్పాం," అన్నాడు గస్ట్. "ఇవాళ కడగడం కూడా కాదు. మా వాడి నీడ మేం కడగం."

"ఇవి మరకలు గస్ట్! నువ్వేగా వీళ్ళని తిట్టేది?"

"ఇప్పటికీ తిడతా. ఆ మూల వేసినవాడికి మోకాలు వెయ్యడం కూడా రాదు. అయినా కడగం."

డెల్వీన్ తనే ఫోన్ ఎత్తాడు. అప్పుడు కపింగా జనంలోంచి వచ్చి, గోడకు ఆనుకుని, ఒక నీడ పక్కన నిలబడింది. ఆమె వెనక దుప్పట్లు ఉతికేవాళ్ళు వచ్చారు. మిగతా నీడల పక్కన ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. డెల్వీన్ ఎటు తిప్పినా మనుషులే అడ్డమొస్తున్నారు. గార్డులు బెల్టులు సర్దుకున్నారు.

మీమూన్ జనం చివర ఉన్నాడు. ఇంటికి వెళ్ళిపోవచ్చు. కూతురు తప్ప అతన్ని ఎవరూ చూడలేదు, టోపీ లేకపోతే పోల్చుకునేవాళ్ళు కూడా తక్కువే. స్టేషన్లో చెప్పిన మాట చెవుల్లో ఉంది, ఇంకోసారి దొరికితే వదలమని. అతను జనాన్ని తోసుకుని కపింగా ముందుకు వెళ్ళాడు.

ఆమె అతని టోపీ లేని తల చూసింది. గోడమీది నీడ చూసింది.

"నీదేనా?" అంది.

"నాదే మామా," అన్నాడు మీమూన్. "ఆ ఫోటోలు తీసింది నేనే. ఆవేళ నువ్వు అడిగితే చెప్పలేదు. కోర్టులో చెప్తా. మీ వాడు రాసింది సగం పేరేనని, మిగతావి ఎవరు రాశారో చూడకుండా తీశానని, వాడి కళ్ళలో రంగు కొట్టిందెవరో చూశానని చెప్తా."

ఎర్రమచ్చ గార్డు ఆ మాట విన్నాడు. మెడమీది మచ్చ ఇంకా ఎర్రబడింది.

కపింగా మొహంలో క్షమించినట్టు ఏమీ లేదు. కొంచెం పక్కకు జరిగి, గోడ దగ్గర చోటు చూపించింది.

"అయితే ఇక్కడ నిలబడు."

నిలబడ్డాడు. వీపుకు గోడ చల్లగా తగిలింది. రంగు ఇంకా తడి ఆరలేదు, చొక్కాకి అంటుకుంది. ఒక పక్క కపింగా, ఇంకో పక్కకి ఎప్పుడొచ్చిందో తిజీరి. నల్లరంగున్న ఆ పిల్ల చేతిని తోలు ఊడిన తన చేత్తో పట్టుకుని వెనక్కి దాచాడు.

గార్డులు వరస కట్టి ముందుకు కదిలారు. డెల్వీన్ మిషను దగ్గరకు పోయి తనే తిప్పబోయాడు. తాళంచెవి లేదు.

గస్ట్ అప్పటికే దాన్ని తీసి ఎర్ర చొక్కా జేబులో వేసుకుని, గోడ దగ్గరకొచ్చి, మోకాలు సరిగ్గా రాని ఆ నీడ పక్కన నిలబడ్డాడు.